చెయ్యి పట్టని ఓనమాలు

పసిపిల్లల మీద ప్రేమతో పంతులమ్మనయ్యానని చెబితే కళ్ళు పోతాయి. నేను పంతులమ్మనయింది వంటింట్లోంచి బయటపడటానికి. నరసరావుపేటలో మా అన్నకు కిరాణా కొట్టుండేది. నాకు పద్నాలుగో ఏట మొగుడు పోయాడు. కాపురానికైనా వెళ్ళలేదు. ఆయన మొహం నాకు సరిగ్గా గుర్తు లేదు గానీ, ఆయన పోయిన రోజున నా గాజులు తీయడానికి వచ్చిన ముసలమ్మ మొహం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ తర్వాత మా అన్న ఇంట్లో వంటింటి పక్కనున్న చీకటి గది నాకిచ్చారు. పొద్దున అన్న కొట్టుకు బయల్దేరే వేళకు నేను ఆ గది దాటి రాకూడదు. వదిన చెడ్డది కాదు. "కాసేపు లోపలుండు అమ్మాయ్, మీ అన్నయ్య బయల్దేరతన్నారు" అని మెత్తగానే చెప్పేది. అంత మెత్తగా చెబితే తిరిగి ఓ మాట అనడానికి కూడా వీలుండేది కాదు.

యుద్ధం రోజులు. ఆడ టీచర్లు దొరకడం లేదనీ, ఎనిమిదో తరగతి పాసైన విధవలను గుంటూరులో ట్రైనింగులో చేర్చుకుంటున్నారనీ మా అన్నకు ఎవరో చెప్పారు. అన్న రెండు రోజులు ఆలోచించాడు. వదిన ఒక్క పూటే ఆలోచించింది. నేను అసలు ఆలోచించలేదు, ట్రంకుపెట్టె సర్దుకున్నాను. ఇంట్లో కూర్చుని ఎనిమిది చదివి పాసయి, గుంటూరు వెళ్ళి రెండేళ్ళు ట్రైనింగు చేశాను. నాకు లెక్కలంటే ఇష్టం. పెద్ద తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పాలని ఆశ. పసిపిల్లలకు బంకమట్టితో బొమ్మలు చేయించడం, చిక్కుడు గింజలతో లెక్కలు నేర్పడం ఎట్లాగో మాకు చెప్పినప్పుడు నోటు పుస్తకంలో అన్నీ రాసుకున్నాను గానీ ఒక్కటీ మనసుకు పట్టించుకోలేదు.

నాకు పని దొరికింది పిడుగురాళ్ల దగ్గర ఒక ఊళ్ళో. మాచర్ల రైలెక్కి పిడుగురాళ్లలో దిగి, అక్కడ్నించి ఎడ్లబండి మీద పోయాను. ఊరికి పడమటగా సున్నపు బట్టీలు. గాలి అటునుంచి వీచిన రోజున ఊళ్ళో వేపచెట్లు కూడా తెల్లబడి ఉండేవి. బడికి రెండు గదులూ, నాపరాళ్ళు పరిచిన ఒక వసారా, ముందు పెద్ద ఆవరణ. హెడ్మాస్టరు ముసలాయన, ముక్కుపొడుం డబ్బీ చేతిలోంచి వదిలేవాడు కాదు. నా కాగితాలు చూసి, "శిశు తరగతి తీసుకో అమ్మాయ్" అన్నాడు.

"నాకు నాలుగో తరగతి ఇవ్వండి. లెక్కలు చెబుతాను" అన్నాను.

"ఆడమనిషివి. పసిపిల్లల్ని చూసుకోవడం నీకు తెలిసినంత నాకేం తెలుస్తది?"

నాకెలా తెలుస్తుందని అడగబోయి ఊరుకున్నాను. నా ఒళ్ళో ఒక్క పిల్ల కూడా పడుకుని ఎరగదు. మా అన్న పిల్లల్ని సైతం వదిన పండగపూట నా దగ్గరికి రానిచ్చేది కాదు.

ఊళ్ళో కొట్టు నడుపుకునే వాళ్ళ ఇంట్లో వెనక గది అద్దెకు దొరికింది. మాకు దూరపు చుట్టాలు. ఆ ఇంటి పెద్దావిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం నాకు గిన్నెడు మజ్జిగ తెచ్చి గడప మీద పెట్టేది. జ్వరమొస్తే మిరియాల కషాయం కాచి పంపేది. ఆవిడ కొడుకు కొట్టు తెరవడానికి బయల్దేరినప్పుడు మాత్రం, "ఏమే, తలుపేసుకో" అని అరుగు మీద నుంచి కేక పెట్టేది. ఊరు మారింది, రైలెక్కి బండెక్కి వచ్చాను, తలుపు మాత్రం అదే. ఆ గదిలో నాతో మాట్లాడే వాళ్ళు లేరు. ఒక్కోరోజు బడి నుంచి వచ్చాక మళ్ళీ మర్నాడు బడికి పోయేదాకా నా గొంతు నేను వినేదాన్ని కాదు. పోట్లాడటానికైనా ఒక మనిషి ఉంటే బాగుండుననిపించేది. నాకు అసలే నోరు ఎక్కువ, అదంతా లోపలే మగ్గిపోయింది.

శిశు తరగతిలో ఇరవై ముగ్గురు పిల్లలు. అప్పట్లో ఓనమాలంటే ఒకటే పద్ధతి. ఇసుకలో పంతులు అక్షరం రాస్తాడు, పిల్ల చూపుడువేలు పట్టుకుని దాని మీద దిద్దిస్తాడు. వారం దిద్దిస్తే వేలికి ఆ దారి అలవాటవుతుంది. నేనూ మొదటి రోజు ఇసుక పోసి, 'అ' రాసి, ముందు కూర్చున్న పిల్ల చెయ్యి పట్టుకోబోయాను. పెద్దమ్మ మనవరాలు అది. చటుక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది. సిగ్గేమోననుకుని పక్కపిల్ల వైపు తిరిగాను. అదీ దాచుకుంది. మూడోవాడు రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"ఏందిరా, చేతులకేమయింది?" అన్నాను.

పెద్దమ్మ మనవరాలు బెరుకు లేని పిల్ల. "మా నాయనమ్మ పట్టుకోనియ్యొద్దంది. నువ్వు దిద్దబెడితే చదువు రాదంట. అందరమ్మలకీ చెప్పింది" అంది.

తల కొట్టేసినట్టయింది. బొట్టులేని దాని చేత అక్షరాభ్యాసం చేయించరని నాకు తెలియకపోలేదు. పెళ్ళిలో తలంబ్రాల పళ్ళెం, పురిటి ఇంట్లో ఉయ్యాల, ఇవన్నీ నా చెయ్యి తగలకూడనివే. బడి ఆ లెక్కలోకి రాదనుకున్నాను. సర్కారు జీతమిచ్చి పంపించింది గదా, ఆ చెయ్యి మంచిదేనని ఒప్పుకున్నట్టేననుకున్నాను. ఎంత తెలివితక్కువ దాన్నో చూడండి.

హెడ్మాస్టరు దగ్గరికి పోయి చెప్పాను. ఆయనకు ముందే తెలుసు. పొడుం పీల్చి, తుమ్మి, "మనం గట్టిగా మాట్లాడితే పిల్లల్ని మానిపిస్తారు అమ్మాయ్" అన్నాడు. "దసరా పోయినాక ఇనస్పెక్టరు వస్తడు. శిశు తరగతిలో పిల్లలు పలచబడినా, అక్షరాలు రాకపోయినా ఆ పోస్టు తీసేస్తరు. నాకేం పోదు. నువ్వే నరసరావుపేట పోవాల్సొస్తది. పట్టుకోకుండా ఎట్టా చెబుతావో చూసుకో."

పోస్టు పోతే నాకు మిగిలేది అన్నగారి ఇంట్లో ఆ చీకటి గదే. ఆయన మాటతో నాకు పిల్లల మీద అక్కర పుట్టింది. ప్రేమ కాదు, నా బతుకు మీద భయం.

నల్లబల్ల మీద రాసి చూపించాను. గాల్లో వేలితో తిప్పి చూపించాను. నేను అటు తిరిగి రాస్తుంటే వాళ్ళకు నా వీపు కనిపించేది, ఇటు తిరిగి తిప్పితే కుడి ఎడమలు తారుమారయ్యేవి. పలకలు సగం మందికి లేవు, యుద్ధం మూలాన కొట్లో దొరికేవి కావు. రెండు నెలలు గడిచినా 'అ' రాసే పిల్లలు ఇద్దరికి మించి లేరు. ఎప్పుడైనా తీరిక దొరికితే మధ్యాహ్నం పూట హెడ్మాస్టరు నా తరగతిలోకి వచ్చి, నేను నిలబడి చూస్తుండగా ఒక్కొక్క పిల్ల చెయ్యీ పట్టుకుని దిద్దించేవాడు. పిల్లలు వరస కట్టి ఆయన ఒళ్ళో కూర్చునేవాళ్ళు. ఒళ్ళు మండిపోయేది. ఆ మంట ఆయన మీదా, పిల్లల మీదా, నా మీదా అన్నది నాకే తెలిసేది కాదు. బయటికి పోయి గంట కొట్టే కర్ర చేత్తో పట్టుకుని నిలబడేదాన్ని.

శ్రావణమాసంలో ఒకరోజు పొద్దున్నే బడికి పోయాను. ఆ రోజుల్లో వీధి వీధంతా వాకిళ్ళలో ముగ్గులు. నాకు ముగ్గు మంచి చెయ్యి. పదమూడేళ్ళప్పుడు మా వీధిలో నా అంత సన్నగా గీత లాగేవాళ్ళు లేరు. పద్నాలుగో ఏటి నుంచి నేను ముగ్గు ముట్టలేదు. ఆ వేళ బడిలో ఎవరూ లేరు. గోడలకు వెల్ల వేయగా మిగిలిన సున్నం పొడి ఒక తట్టలో ఉంది. గుప్పెడు తీసుకున్నాను. ముగ్గేస్తే ఎవరైనా చూసి పెద్దమ్మకు చెబుతారని భయం. అందుకని ఆవరణ మధ్యలో, ఎర్రమట్టి మీద, నాలుగు బారల పొడుగున 'అ' వేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పక్కనే 'ఆ' కూడా వేశాను. ఎవరైనా అడిగితే పాఠమని చెబుదామనుకున్నాను.

పిల్లలొచ్చి దాని చుట్టూ మూగారు. పెద్దమ్మ మనవరాలు వంగి, గీతను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. పుస్తకానికి కాలు తగిలితే అద్దుకుంటాం గదా, అట్లా. అద్దుకుని, ఆ గీత మీద మడమకు కాలి బొటనవేలు ఆనించి అడుగులు వేస్తూ, మొదలు నుంచి చివరిదాకా నడిచింది. నేను ఏమీ చెప్పలేదు. నడిచి వచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, దుమ్ములో వేలితో 'అ' రాసింది. వంకర లేదు. ఎక్కడ తిరగాలో అక్కడ తిరిగింది. రెండు నెలలుగా నా ప్రాణం తీసిన పిల్ల అది.

మిగతా పిల్లలు తోసుకుంటూ వరసలో నిలబడ్డారు. అందరూ ముందు కళ్ళకద్దుకున్నారు, తర్వాత నడిచారు. ఒకడు మలుపు దగ్గర పడ్డాడు, లేచి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. నేను వెనక్కి రమ్మనలేదు, తప్పనలేదు. మధ్యాహ్నానికి పదకొండు మంది 'అ' రాశారు. నేను లెక్కపెట్టుకుంటూ తిరిగాను, అన్నం తినడం మరిచిపోయాను.

ఆ సాయంత్రం నా గదిలో ట్రంకుపెట్టెకూ కుండకూ మధ్య 'ఇ' ఎట్లా నడవాలో నేను నడిచి చూసుకున్నాను. ఎక్కడ మొదలుపెడితే కాలు తిరగబడదో, ఎక్కడ పిల్ల తడబడుతుందో ఆలోచించాను. 'ఋ' దగ్గర నేనే పడబోయాను, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎప్పుడు తెల్లవారుతుందా అని నేను ఎదురుచూడటం పెళ్ళినాటి తర్వాత అదే మొదలు. పిల్లలకు ఒక సంగతి ఎట్లా తెలుస్తుందన్నది అంత పెద్ద విషయమని నేనెప్పుడూ అనుకోలేదు. భిన్నాలు ఏమంత గొప్ప కాదనిపించింది.

అట్లా నెల రోజులు సాగింది. వెల్ల సున్నం అయిపోయింది. నేనే తట్ట పట్టుకుని బట్టీ దాకా పోయి, కింద రాలి ఉన్న తెల్లపొడి ఎత్తుకొచ్చాను. ఎవరినీ అడగలేదు. అడగడం నా ఒంట్లో లేదు. ఆ పొద్దున సన్నగా జల్లు పడింది. ఒత్తుగా వేస్తే గీత బాగా కనబడుతుందని ఒత్తుగా వేశాను. పిల్లలు నడిచారు. కాసేపటికి ఒకడు కాలు పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. తర్వాత ఇంకొకళ్ళు. చూస్తే అరికాళ్ళు ఎర్రబడ్డాయి. ఇద్దరికి బొబ్బలు తేలాయి.

అరగంటలో ఆవరణ నిండా తల్లులు. ముందు పెద్దమ్మ. "నేను చెబుతానే ఉన్నా. అక్షరాలను కాళ్ళతో తొక్కిస్తే సరస్వతమ్మ ఊరుకుంటదా? పసిబిడ్డల కాళ్ళు కాల్చింది. ఈ పిల్ల వచ్చినప్పుడే అనుకున్నా" అంది. ఏమనుకుందో అందరికీ తెలుసు. హెడ్మాస్టరు గదిలోంచి బయటికి రాలేదు. పిల్లల కాళ్ళు నా వల్లే కాలాయి, అందులో సందేహం లేదు. ఏం తప్పు చేశానో మాత్రం నాకు తెలియలేదు. నిజంగానే చేయకూడని పని చేశానేమో, అందుకే ఇట్లా అయిందేమోనని ఆ నిమిషాన నేనూ అనుకున్నాను.

బట్టీలో పనిచేసే ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో, చంకలో పాలు మరవని ఆడపిల్ల. పెద్ద పిల్లవాడు నా తరగతిలో చదువుతున్నాడు, బొబ్బలు వచ్చిన ఇద్దర్లో వాడొకడు. కొడుకు కాలు చూసింది. వంగి గీత మీది పొడి చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"యాడ తెచ్చావు పంతులమ్మా ఇది?"

"బట్టీ కింద రాలితే ఎత్తుకొచ్చాను."

"నీళ్ళు తగలని పచ్చిసున్నం ఇది. కాలిన రాయి. తడి తగిలితే ఉడుకుద్ది. మమ్మల్ని అడగొద్దా?" అంది. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగి, "అమ్మవారి కోపం కాదమ్మగారూ. మేం రోజూ కాల్చుకుంటానే ఉంటాం, చూడండి" అని చీర కాస్త ఎత్తి పాదాలు చూపించింది. మచ్చలే పాదాలు. చంటిదాన్ని కిందికి దించి, కొడుకు కాలు పొడిగుడ్డతో తుడిచి, ఎవరింటి నుంచో ఆముదం తెప్పించి రాసింది. రెండో పిల్లకూ ఆమే రాసింది.

మర్నాడు బడికి ఎవరూ పంపలేదు. మూడో రోజు ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. ముందెప్పుడో నీళ్ళు చల్లితే విరిసి, పది రోజులు ఆరిన సున్నం. తనే నా చేత గీత పోయించి, వీధిలో అందరూ చూస్తుండగా, ఉత్త కాళ్ళతో 'అ' మీద మొదట్నుంచి చివరిదాకా నడిచింది. చంటిది చంకలోనే ఉంది. కళ్ళకద్దుకోవడం కూడా మరిచిపోలేదు. "భూమికి దణ్ణం పెట్టి నాగలి కట్టట్లా? ఇదీ అంతే" అంది. పెద్దమ్మ అరుగు మీద నుంచి అంతా చూసింది. మర్నాడు మనవరాల్ని పంపింది. నా గడప మీద మజ్జిగ గిన్నె కూడా మళ్ళీ వచ్చింది.

దసరా పోయాక ఇనస్పెక్టరు వచ్చాడు. ఆవరణలో ఇరవై ముగ్గురు పిల్లలు అక్షరాలు నడిచి, దుమ్ములో రాసి చూపించారు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని చానాసేపు నిలబడ్డాడు. "పిల్లల చెయ్యి ఒక్కసారైనా పట్టుకోరేం?" అని అడిగాడు. నేను హెడ్మాస్టరు వైపు చూశాను. ఆయన పొడుం డబ్బీ వైపు చూసుకున్నాడు. "వాళ్ళంతట వాళ్ళే నేర్చుకోవాలని" అన్నాను. ఇనస్పెక్టరు మెచ్చుకుని, అది చాలా కొత్త పద్ధతనీ, మిగతా బళ్ళవాళ్ళు వచ్చి చూడాలనీ పుస్తకంలో రాసిపోయాడు.

నా పోస్టు నిలిచింది. ఊరు సంతోషించింది, నేనూ సంతోషించాను. కానీ ఒకటి జరిగింది. నా చెయ్యి తగలకుండానే చదువు వస్తోంది గనక ఇక ఆ మాట ఎవరూ ఎత్తాల్సిన పని లేకపోయింది. అందరికీ సౌకర్యంగా ఉంది. నాలుగేళ్ళలో నా తరగతిలో ఎంతమంది కూర్చుని లేచారో, వాళ్ళలో ఒక్కరి చెయ్యీ నేను పట్టుకోలేదు. పడినవాణ్ణి లేపాలంటే పక్కవాణ్ణి లేపమనేదాన్ని. ముక్కు కారితే కొంగు చింపి గుడ్డముక్క ఇచ్చేదాన్ని. ఆ పని మీద నాకు ప్రాణం. ఎండాకాలం సెలవులిస్తే ఏమీ తోచేది కాదు, సెలవుల్లో కూడా పోయి ఖాళీ ఆవరణలో గుణింతాలకు దారులు వేసేదాన్ని. అంత ఇష్టమైన పనిలో కూడా మనిషికి ఇంత ఒంటరితనం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

బట్టీ ఆమె మాత్రం పదిరోజులకోసారి సున్నం తెచ్చేది. పిల్ల నడక నేర్చాక దాన్నీ వెంట తెచ్చేది. ఆమె తట్ట దించి కాసేపు నాపరాళ్ళ మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే, ఆ పిల్ల పెద్ద పిల్లల వెనకాల వరసలో దూరి అక్షరాల మీద నడిచేది. హాజరు పట్టీలో దాని పేరు లేదు. వయసు చాలదు. నేను చూసీ చూడనట్టుండేదాన్ని. ఊరంతటిలో నా పక్కన కూర్చుని మాట్లాడింది ఆమె ఒక్కతే.

స్వరాజ్యం వచ్చిన ఏడు, దసరాకు నెల ముందర, రాయి తీసే గోతిలో చరియ విరిగి ఆమె మొగుడు పోయాడు. నేను వాళ్ళ గుడిసె దాకా వెళ్ళాను. లోపలికి పోలేదు. అందరూ ఏడుస్తున్న చోట నేను నిలబడితే ఇంకా ఏదో పోతుందంటారేమోనని వీధి మలుపులోనే నిలబడి వెనక్కి వచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

దసరా రెండు రోజులుందనగా మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె వచ్చింది. నెత్తిన తట్ట లేదు, మొహాన బొట్టు లేదు. పిల్ల వెంట ఉంది. నాపరాళ్ళ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"పండగనాడు దీనికి బియ్యంలో అక్షరాలు రాయిస్తరంట పంతులమ్మా" అంది. "మా బావ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటడు. నన్ను ఆ పక్కకి రావొద్దన్నది మా అత్త. సంవత్సరం తిరిగితే నాకు మారుమనువు చేస్తమంటన్నరు, మాలో ఉందిగా. మనువుకి పనికొస్తనంట, పిల్లని ముట్టుకోటానికి పనికిరానంట."

నేను నాపరాళ్ళ మీది సున్నం దుమ్ము చేత్తో తుడిచాను.

"నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. నేను చెయ్యి పట్టుకుంటే దీని చదువు చెడుద్దా?"

"చెడదు" అన్నాను.

"మరి నువ్వు ఇన్నేళ్ళూ ఒక్క పిల్ల చెయ్యి పట్టుకోలేదేం?"

వాళ్ళు రానియ్యలేదని చెప్పబోయాను. అది నిజమే, సగం నిజం. మొదటి ఏడు రానియ్యలేదు. తర్వాత నేను అడగనే లేదు. ఇనస్పెక్టరు మెచ్చుకున్నాక, ఊరంతా నా మాట వింటున్న రోజుల్లో ఒక్క పిల్ల చెయ్యి పట్టుకుంటే ఎవరు కాదనేవాళ్ళు? ఆమె నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆమెకు అబద్ధం చెబితే ఇక నాకు ఆ ఊళ్ళో మనిషి మిగలదు.

"భయపడ్డాను" అన్నాను. "నేను పట్టుకున్న పిల్లకు మర్నాడు జ్వరమొస్తే? నా మూలానేనేమోనని నాకే అనిపిస్తే? వాళ్ళు నమ్మిందే నేనూ లోపల్లోపల నమ్మాను. ఈ చెయ్యి మంచిది కాదేమోనని."

ఆ మాట బయటికి వచ్చాక ఏడుపొచ్చింది. గాజులు తీసిన రోజున కూడా అంతలా ఏడవలేదు. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. తనూ ఏడ్చింది. పిల్ల మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

కొంగుతో మొహం తుడుచుకుని, వసారా మూలనున్న ఇసుక పళ్ళెం ముందుకు లాగాను. పిల్లను పిలిచి నా ముందు కూర్చోబెట్టుకున్నాను. "దసరా దాకా ఎందుకు, ఇప్పుడే రాయిస్తాను. ఏమీ కాదు. నువ్వు చూస్తూ ఉండు" అని ఆమెతో చెప్పి, పిల్ల చెయ్యి పట్టుకున్నాను. చిన్న చెయ్యి, వెచ్చగా ఉంది, గోళ్ళల్లో సున్నం. వేలు ఇసుకలో పెట్టి 'అ' మొదలుపెట్టాను. సగం మలుపు తిరిగే లోపలే పిల్ల చెయ్యి విదిలించుకుంది.

"వదులు. నాకొచ్చు" అంది.

పళ్ళెం తన వైపుకు లాక్కుని, నోట్లో చెప్పుకుంటూ 'అ' రాసింది. చెరిపి 'ఆ' రాసింది. చెరిపి 'ఇ', 'ఈ'. రెండేళ్ళు వరసలో దూరి నడిచిన పిల్ల, దానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు. నాలుగేళ్ళు దాచుకున్న చెయ్యి తీరా చాపితే ఆ పిల్ల విదిలించి పారేసింది. తల్లి ఏడుపు ఆపి నోరు తెరుచుకుని చూసింది. తర్వాత నవ్వింది. నెలరోజుల తర్వాత నవ్వు.

"నాకు తెలవకుండా ఇదెప్పుడు నేర్చిందే" అంటూ వంగి, పిల్ల రాసిన 'ఈ' మీద తన వేలు పెట్టబోయింది. పిల్ల ఆ వేలు పట్టుకుంది. "అట్టా కాదు. నీకు రాదుగా. నేను పట్టుకుంటా" అని, తల్లి చూపుడువేలు రెండు చేతులతోనూ బిగించి పట్టుకుని, మొదట్నుంచి, నెమ్మదిగా, 'అ' దిద్దించింది. వంకరపోయింది. చెరిపి మళ్ళీ దిద్దించింది. తల్లి తన వేలు పిల్లకు అప్పగించి, ఇసుక వంకే చూస్తూ కూర్చుంది. పిల్లను ముట్టుకోకూడదని అత్త చెప్పిన చెయ్యి అది.

మూడోసారికి 'అ' కుదిరింది. పిల్ల తల్లి వేలు వదిలిపెట్టి నా వైపు చూసింది. నా మొహం ఇంకా తడిగానే ఉంది.

"నీక్కూడా రాదా పంతులమ్మా?" అని అడిగింది.

నాకూ రాదని చెప్పి చెయ్యి చాపాను.